నల్ల సీసా కొనేముందు: వెజిమైటా, మార్మైటా, అసలు ఏ మార్మైట్?

పోయిన నెల మెల్‌బోర్న్ పడమటి కొసన టార్నీట్‌లో ఒక పుట్టినరోజుకి వెళ్ళాం. హైదరాబాదు నుంచి వచ్చి మూణ్ణెల్లు కూడా కాని ఒకమ్మాయి నా పక్కన కూర్చుని అడిగింది. "అక్కా, మావాడు కిండర్‌లో వెజిమైట్ తింటున్నాడు. ఇంట్లో కూడా కావాలని పేచీ పెడుతున్నాడు. షాపుకెళ్తే పక్కపక్కనే మూడు నాలుగు రకాలున్నాయి. ఏది కొననూ?" నేను నోరు తెరిచేలోపే ఎదురుగా ఉన్న పెద్దాయన, "ఏదీ కొనకమ్మా, బండికి పెట్టే గ్రీజులా ఉంటుంది, డబ్బులు దండగ" అన్నారు. వంటింటి గుమ్మంలోంచి వాళ్ళావిడ, "చెంచాడు తీసి నోట్లో పెట్టుకుంటే ఆవకాయ కూడా అలాగే ఉంటుందండీ" అన్నారు. ఇంకొకావిడ తన ఇంట్లో నెలకో సీసా ఖాళీ అవుతుందన్నారు. కేకు కోసేదాకా అదే వాదన. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

తర్వాత ఆమెకి ఫోన్లో చెప్పిన సంగతులే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. వెజిమైట్, మార్మైట్ అంటే రొట్టె మీద పల్చగా రాసుకునే ఉప్పటి నల్లటి ముద్దలు. ఇంగ్లండ్‌లో మూడేళ్ళు బ్రిటిష్ మార్మైట్ తిన్నాను. మెల్‌బోర్న్ వచ్చాక పదకొండేళ్ళుగా మా ఇంట్లో వెజిమైట్ ఉంటోంది, అప్పుడప్పుడు న్యూజిలాండ్ మార్మైట్ కూడా. ఇన్నేళ్ళలో నాకు గట్టిగా అనిపించింది ఒకటే. దీన్ని అసహ్యించుకునేవాళ్ళలో చాలామంది మొదటిసారి తప్పు సీసా కొన్నారు, లేదా సరైన సీసా కొని పది రెట్లు ఎక్కువ రాసుకున్నారు. నిజంగానే నచ్చనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళని ఒప్పించాలని నాకేం లేదు. కానీ జామ్ రాసినట్టు రాసుకుని, ఒక్క ముద్దతో జన్మకి సరిపడా విరక్తి తెచ్చుకున్నవాళ్ళని చూస్తే బాధేస్తుంది.

ముందు ఇదేమిటో తెలియాలి

తెలుగువాళ్ళకి దీన్ని వివరించడానికి ఉలవచారుని మించిన ఉదాహరణ లేదు. ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్ళు. ఆ ఉడికిన కట్టు పారబొయ్యడం ఇష్టంలేక, చింతపండు వేసి గంటల తరబడి మరగనిస్తే నల్లగా, చిక్కగా, ఘాటుగా ఉలవచారు అయింది. ఒక పని చేస్తుంటే మిగిలిపోయిన దాన్ని కాచి కాచి చిక్కబరిస్తే వచ్చిన రుచి అది. మార్మైట్ పుట్టుక కూడా అచ్చం అలాంటిదే. అక్కడ ఉలవల బదులు బీరు.

బీరు పులియబెట్టడానికి ఈస్ట్ అనే సూక్ష్మజీవిని వాడతారు. పులియడం పూర్తయ్యేసరికి ఈస్ట్ బోలెడంత పెరిగిపోయి అడుగునా పైనా మిగిలిపోతుంది. దాన్ని చిక్కబరిచి తినవచ్చని 19వ శతాబ్దంలోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ చెప్పాడు. పద్ధతి ఇలా ఉంటుంది. ఈస్ట్‌కి ఉప్పు కలిపి వెచ్చగా ఉంచుతారు. ఉప్పుకి ఈస్ట్ కణాలు వడలిపోతాయి, వాటిలోని ఎంజైములే వాటి మాంసకృత్తులని ముక్కలు ముక్కలుగా అరిగిస్తాయి. అలా విడిపోయిన వాటిలో గ్లుటామిక్ ఆమ్లం చాలా ఉంటుంది. తర్వాత పొట్టు వడకట్టేసి, మిగిలిన రసాన్ని ముద్దయ్యేదాకా చిక్కబరుస్తారు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెదా సముద్రపు నాచులో కనిపెట్టి ఉమామి అని పేరుపెట్టిన రుచి ఈ గ్లుటామిక్ ఆమ్లానిదే. బాగా మగ్గిన టమాటాలో, వేయించిన పుట్టగొడుగుల్లో, పాత చీజ్‌లో మనకి నాలుక మీద నిలిచిపోయే రుచి ఉంటుందే, అదే ఇక్కడ బాగా చిక్కబడి ఉందనుకోండి.

అమ్మావాళ్ళ తరంవాళ్ళు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు: "బీరుతో చేస్తారట, పిల్లలకి పెడతారా?" సారా ఏమీ మిగలదు. ఇది బీరు కాదు, బీరు చేశాక మిగిలిన ఈస్ట్. వెజిమైట్, రెండు మార్మైట్లు, మూడింటిలోనూ మాంసం లేదు, పాలు లేవు. ఉల్లి, వెల్లుల్లి నియమం ఉన్నవాళ్ళు మాత్రం లేబుల్ చదివి కొనుక్కోండి. రుచి కోసం కలిపే కూరగాయల, మసాలాల సారం ఒక్కో సీసాలో ఒక్కో రకంగా ఉంటుంది.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళకి ఇక్కడే ఒక హెచ్చరిక. మార్మైట్ పక్కనే, అచ్చం అలాగే పొట్టగా ఉన్న నల్లసీసాలో బోవ్రిల్ అని ఇంకోటి ఉంటుంది. మూత ఎర్రగా ఉంటుంది. అది గొడ్డుమాంసపు సారం. మా ఇంట్లో నాతోపాటు ఉన్న ఒకమ్మాయి, గట్టి శాకాహారి, ఆకారం చూసి అదే తెచ్చుకుంది. వారం తిన్నాక ఎవరో చెబితే రెండు రోజులు అన్నం ముట్టలేదు. పసుపు మూత, మార్మైట్ అన్న పేరు, రెండూ చూసుకుని తీయండి.

ఒకే పేరుతో రెండు మార్మైట్లు

అందరినీ తికమక పెట్టేది ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను.

అసలు మార్మైట్ ఇంగ్లండ్‌ది. 1902లో బర్టన్ అపాన్ ట్రెంట్‌లో మొదలైంది. అది బీరుకి పేరుపొందిన ఊరు. పక్కనే ఉన్న బాస్ బ్రూవరీ నుంచి ఈస్ట్ వచ్చేది. మర్మీట్ అంటే ఫ్రెంచి భాషలో మూతున్న వంటకుండ. సీసా మీద బొమ్మ ఆ కుండదే. మొదట్లో మట్టికుండల్లోనే అమ్మేవారు, గాజుసీసాలు తర్వాత వచ్చాయి. ఇప్పుడు యూనిలీవర్ చేతిలో ఉంది. 1996 నుంచి ఆ కంపెనీ తన ప్రకటనల్లోనే "ప్రేమిస్తారు, లేదా ద్వేషిస్తారు" అని చెప్పుకుంటూ వచ్చింది. అది ఎంతగా జనంలోకి పోయిందంటే, ఇంగ్లండ్‌లో కొందరికి బాగా నచ్చి, కొందరికి అసలే నచ్చని మనిషిని "మార్మైట్ లాంటివాడు" అంటారు. నేను పనిచేసిన ఆఫీసులో ఒక మేనేజర్ గురించి ఆ మాట మొదటిసారి విని, ఇంటికొచ్చి అర్థం వెతుక్కున్నాను.

న్యూజిలాండ్ మార్మైట్ వేరు. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ మార్మైట్‌ని అక్కడ అమ్మే హక్కు శానిటేరియం అనే కంపెనీకి వచ్చింది. అది సెవెంత్ డే అడ్వెంటిస్టు చర్చిది, శాకాహారాన్ని ప్రచారం చేసే సంస్థ. తర్వాత వాళ్ళే సొంతంగా తయారుచెయ్యడం మొదలుపెట్టి, రుచి మార్చేశారు. పంచదార, కారమెల్ కలిపారు. పేరు మాత్రం అదే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మార్మైట్ అన్న పేరు వాళ్ళదే కావడంతో బ్రిటిష్ మార్మైట్ ఇక్కడ "అవర్ మేట్" అన్న పేరుతో వస్తుంది. లండన్‌లో ఉండే మీ అక్క "మార్మైట్ కొనుక్కోవే, బావుంటుంది" అని చెప్పిందనుకోండి. మీరు మెల్‌బోర్న్‌లో మార్మైట్ అని రాసి ఉన్న సీసా కొంటే ఆవిడ చెప్పినది కాదు మీరు తింటున్నది. ఇద్దరూ ఫోన్లో దాని గురించి ఎంత మాట్లాడుకున్నా మాటలు కలవవు.

న్యూజిలాండ్ వాళ్ళకి అదంటే ఎంత ప్రాణమో 2012లో తెలిసింది. 2011 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ భూకంపానికి ఫ్యాక్టరీ దెబ్బతింది. ఆ నవంబరులో మూసేయాల్సి వచ్చింది. మరుసటి మార్చికల్లా దేశంలో నిల్వలు అడుగంటాయి. జనం దానికి "మార్మగెడ్డన్" అని పేరుపెట్టుకుని, ఉన్న సీసాని పొదుపుగా, చాకు అంచుతో గీకి గీకి వాడుకున్నారు. పక్క షెల్ఫులో వెజిమైట్ ఉంది కదా అంటే వినలేదు. 2013 మార్చిలో గానీ మళ్ళీ దుకాణాలకి రాలేదు. ఒక్కసారి అలవాటైన సీసా పక్క సీసాకి లొంగదు. ఇంటికి మొదటి సీసా జాగ్రత్తగా ఎంచుకోమని నేననేది అందుకే.

వెజిమైట్ మెల్‌బోర్న్‌లోనే పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ నుంచి మార్మైట్ రావడం దెబ్బతిన్నాక, ఇక్కడే అలాంటిది చెయ్యమని ఫ్రెడ్ వాకర్ అనే వ్యాపారి సిరిల్ కాలిస్టర్ అనే రసాయన శాస్త్రవేత్తని పెట్టుకున్నాడు. 1923లో అమ్మకానికి వచ్చింది. పేరు కోసం జనంలో పోటీ పెట్టారు, వాకర్ కూతురు టోపీలోంచి చీటీ తీసింది. మొదట్లో ఎవరూ కొనలేదు. అందరి నోళ్ళలోనూ మార్మైటే ఉండడంతో, 1928లో దీని పేరు పార్విల్ అని మార్చారు. మార్మైట్ మాటని విరిచి "అమ్మ ఇస్తుందో లేదో గానీ నాన్న తప్పకుండా ఇస్తాడు" అని ఇంగ్లీషులో అర్థం వచ్చే శ్లేష అది. అది కూడా పారలేదు. 1935లో పాత పేరే తిరిగొచ్చింది. తర్వాత 1939లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ దీన్ని బి విటమిన్లకి మంచిదని మెచ్చడం, యుద్ధంలో సైనికులకి పంపడం, బడిపిల్లల టిఫిన్ డబ్బాల్లో చేరడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. చాలాకాలం అమెరికా కంపెనీల చేతిలో ఉండి, 2017లో బేగా చీజ్ కొనడంతో మళ్ళీ ఆస్ట్రేలియా సొంతమైంది. ఇప్పటికీ పోర్ట్ మెల్‌బోర్న్‌లో తయారవుతుంది. గాలి అటునుంచి వీచేటప్పుడు ఫ్యాక్టరీ దగ్గర కారు అద్దం దించితే, వేయించిన పప్పు, ఉప్పు, రొట్టె కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగులుతుంది.

మూడు సీసాలూ మూతలు తీసి చూస్తే

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒకరోజు పొద్దున మూడు సీసాలూ బల్ల మీద పెట్టి, మూడు చిన్న చెంచాలతో మూడూ తీసి చూపించాను.

బ్రిటిష్ మార్మైట్ చెంచా ఎత్తితే తెగకుండా తీగలా సాగుతుంది. తీగపాకం వచ్చిన బెల్లంలా, వెలుతురుకి పట్టుకుంటే అంచుల దగ్గర ముదురు ఎరుపు. నాలుక మీద మొదట ఉప్పు ఫెటీల్మంటుంది. తర్వాత కొంచెం పులుపు, కొంచెం చేదు, ఆ వెనక ఎంతసేపటికీ పోని మాంసపు రుచిలాంటి రుచి. మాంసం లేకుండానే ఆ రుచి రావడం శాకాహారులు కొందరికి ఇబ్బంది, మా అమ్మ మొదట ముఖం తిప్పుకున్నది దానికే. మూడింటిలోకీ ఘాటు ఎక్కువ దీనికే అని నా అభిప్రాయం.

వెజిమైట్ సాగదు. చెంచా పెట్టి తీస్తే తెగి ముద్దగా వస్తుంది, తీసినచోట సీసాలో గుంట అలాగే ఉంటుంది. రంగు దాదాపు నలుపు, మెరుపు తక్కువ. తీపి అన్నదే లేదు. మాల్టు వాసన, ఉప్పు, చివర్న మాడిన రొట్టె అంచులాంటి చేదు. మార్మైట్ అంత పులుపు ఉండదు. గట్టిగా ఉంటుంది కాబట్టి చల్లటి రొట్టె మీద రాస్తే రొట్టె చిరుగుతుంది గానీ ఇది పరుచుకోదు. పరుచుకోవడం లేదని మళ్ళీ ఇంకొంచెం తీస్తారు. కొత్తవాళ్ళు ఎక్కువ రాసుకునేది ఇందుకే.

న్యూజిలాండ్ మార్మైట్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుందని చెప్పలేను, అది వేరే దారి. మెత్తగా ఉంటుంది, సాగదు. తీపి ముందు తెలుస్తుంది, ఉప్పు తర్వాత. అమ్మ దాన్ని నాకి, "ఇది నయమే, బెల్లం వేసిన పులుసు అడుగంటినట్టుంది" అంది. ఆ మాట నాకు చాలా సరిగ్గా అనిపించింది.

ప్రోమైట్ అని ఇంకోటి ఆస్ట్రేలియాలో దొరుకుతుంది, దానికంటే కూడా తియ్యన. నాకు నచ్చలేదు, వదిలేస్తున్నాను. స్విట్జర్లాండ్‌లో సెనోవిస్ అని 1931 నుంచి ఉంది, ట్యూబుల్లో అమ్ముతారు. అటు వెళితే రుచి చూడండి.

రాసుకునే పద్ధతి

ఇది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. రొట్టె బాగా వేడిగా, పైన కరకరలాడేలా కాల్చాలి. వెంటనే వెన్న, మీరు మామూలుగా రాసే దానికంటే ఎక్కువ. వెన్న కరిగి రొట్టెలోకి దిగుతుండగా, చాకు మొనతో సెనగగింజంత వెజిమైట్ తీసి గీతలు గీతలుగా లాగాలి. రొట్టె మొత్తం నల్లగా కప్పెయ్యకూడదు. కింద వెన్న పసుపు కనపడుతూ, మీద అక్కడక్కడా గోధుమరంగు చారలుంటే సరిగ్గా రాసినట్టు. బ్రిటిష్ మార్మైట్ అయితే ఇంకా తక్కువ, చుక్కలు చాలు, అదే పరుచుకుంటుంది.

వెన్న ఎందుకంత ముఖ్యమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉలవచారులో మీగడ వేసుకోకుండా ఎవరు తింటారు? ఆవకాయన్నంలో నెయ్యి ఎందుకు పోస్తాం? ఆ ఉప్పునీ ఘాటునీ కొవ్వు మెత్తబరిచి, రుచిని నాలుకంతా పరుస్తుంది. వెన్న లేని వెజిమైట్ పెట్టి "ఎలా ఉంది?" అని అడగడం, నెయ్యి లేకుండా ఆవకాయ ముద్ద కొత్తవాళ్ళ నోట్లో పెట్టడంతో సమానం.

2011లో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా, అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని జూలియా గిల్లార్డ్ పక్కన ఉండగానే, బడిపిల్లల ముందు వెజిమైట్ భయంకరంగా ఉంటుందని చెప్పేశాడు. గిల్లార్డ్‌కి ఇష్టం. ఆవిడ ఆ పిల్లలకి చెప్పింది కూడా ఇదే: పల్చగా రాసుకోవాలి అని.

మా అమ్మకి ఈ పాఠం చెప్పింది నేను కాదు. మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. అమ్మ రొట్టె తీసుకుని వెజిమైట్‌ని నిమ్మకాయ పచ్చడిలా మెత్తబోతుంటే పాప చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, అంత వద్దు. ఇలా ఇలా... చీమ నడిచినట్టు" అని తన వేలితో రొట్టె మీద సన్నగా గీత గీసి చూపించింది. అమ్మ ఆ చీమదారి మేరకే రాసుకుని, తిని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇంకో ముక్క కాల్చవే" అంది.

విటమిన్లు, ఉప్పు

పిల్లల తల్లులు ఎక్కువగా అడిగేది దీని గురించే. ఇక్కడ సీసాల మధ్య తేడా నిజంగా ముఖ్యం. అన్నిటిలోనూ బి విటమిన్లు ఉంటాయి. వెజిమైట్ లేబుల్ ప్రకారం 5 గ్రాములు తింటే పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన బి1, ఫోలేట్‌లలో (ఇదీ ఒక బి విటమినే) చెరో సగం వస్తుంది. కానీ మామూలు వెజిమైట్‌లో బి12 లేదు. బ్రిటిష్ మార్మైట్‌లోనూ, న్యూజిలాండ్ మార్మైట్‌లోనూ బి12 కలుపుతారు. న్యూజిలాండ్ దానిలో ఇనుము కూడా కలుపుతారు. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ళలో బి12 తగ్గడం మనవాళ్ళలో ఎంత మామూలో రక్తపరీక్ష చేయించుకున్నవాళ్ళకి తెలుసు. "వెజిమైట్ తింటున్నాం కదా, బి12 వచ్చేస్తుంది" అని నాతో అన్నవాళ్ళు కనీసం నలుగురున్నారు. రాదు. వెజిమైటే కావాలనుకుంటే 40 శాతం ఉప్పు తగ్గించిన రకం ఉంది, దానిలో బి12 చేర్చారు. అయినా లోపం బయటపడినవాళ్ళు డాక్టరు ఇచ్చిన మందు మానేసి దీన్ని నమ్ముకోకూడదు.

ఫోలేట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, తెలుగువాళ్ళం మరిచిపోకూడని సంగతి ఒకటి చెప్పాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు ఒక రకమైన తీవ్ర రక్తహీనతతో చనిపోతున్నారు. కారణం తిండిలోనే ఉందని ఆమె అనుమానం. ఎలుకల మీద, తర్వాత కోతి మీద ప్రయోగాలు చేస్తూ మార్మైట్ పెట్టి చూసింది, గుణం కనిపించింది. ఆ స్త్రీలకి పెడితే వాళ్ళూ కోలుకున్నారు. కొన్నాళ్ళు కూనూరులో కూడా ఈ పని చేసింది. అక్కడి పోషకాహార పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకి తరలివచ్చి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1931లో విల్స్ తన ఫలితాలు ప్రచురించింది. మార్మైట్‌లో పనిచేసిన ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్ని "విల్స్ ఫ్యాక్టర్" అన్నారు.

అదే ఫోలిక్ ఆమ్లం, ఫోలేట్‌లో ఒక రూపం. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేశారు. 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్దగా ఉన్నవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుజబ్బుకి అన్నదమ్ములని పోగొట్టుకున్న మనిషి ఆయన. ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకి కూడా మందయింది. ఈరోజు మన ఇళ్ళలో ఏ ఆడపిల్లకి నెల తప్పినా డాక్టరు మొదట రాసే చిన్న పసుపు మాత్ర వెనక ఒక మార్మైట్ సీసా, ఒక భీమవరం మనిషి ఉన్నారు. ఆ సంగతి చదివిన రోజునుంచి ఈ సీసాని నేను వేరే దృష్టితో చూస్తున్నాను. గర్భిణులు మాత్రం మాత్ర బదులు దీన్ని తింటే చాలదు, రెండూ వేరు.

ఇక ఉప్పు. బ్రిటిష్ మార్మైట్‌లో 100 గ్రాములకి పది గ్రాముల పైనే, వెజిమైట్‌లో ఎనిమిది గ్రాముల పైచిలుకు. ఈ అంకెలు చూసి భయపడాల్సిన పనిలేదు, ఎందుకంటే ఎవరూ 100 గ్రాములు తినరు. 5 గ్రాముల వెజిమైట్‌లో 0.4 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పొద్దున వెజిమైట్, మధ్యాహ్నం ఆవకాయ, రాత్రి పెరుగన్నంలో ఊరమిరపకాయ అయితే లెక్క దాటిపోతుంది. బీపీ ఉన్న పెద్దవాళ్ళున్న ఇంట్లో ఉప్పు తగ్గించిన రకమే కొనండి. రెండేళ్ళలోపు పిల్లలకి అడిగినా ఏదో నాలిక్కి తగిలించడం తప్ప రోజూ పెట్టొద్దని నా సలహా.

గోధుమ పడనివాళ్ళకి మామూలు సీసాలేవీ పనికిరావు, ఈస్ట్ బార్లీ, గోధుమల మీద పెరిగినది. వెజిమైట్‌లో గ్లూటెన్ (గోధుమ, బార్లీల్లో ఉండే మాంసకృత్తి) లేని రకం 2019 నుంచి వస్తోంది. డిప్రెషన్‌కి వాడే మందుల్లో ఎంఏఓఐ అనే పాతరకం వాడేవాళ్ళు ఈస్ట్ సారం అసలు తినకూడదు, బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. డాక్టర్లు ఇచ్చే పథ్యం కాగితంలో మార్మైట్ పేరు ఉండేది అందుకే.

మన వంటలోకి

ఇక్కడ నాకు సందేహమే లేదు, బ్రిటిష్ మార్మైటే. పల్చగా ఉంటుంది కాబట్టి వేడి నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. పుట్టగొడుగుల కూరలో, వంకాయ వేపుడులో, రాజ్మాలో దించేముందు అర చెంచా వేసి, అంతమేరకు ఉప్పు తగ్గించండి. తిన్నవాళ్ళు మార్మైట్ వేశావని కనిపెట్టలేరు, "ఇవాళ కూర బావుందే" అంటారు. వెజిమైట్ కూడా పనిచేస్తుంది, కానీ ముందు గిన్నెలో వేడినీళ్ళతో కలిపి వడకట్టినట్టు చేసుకోవాలి, లేకపోతే గడ్డలు కడుతుంది. న్యూజిలాండ్ మార్మైట్ కూరల్లోకి వద్దు, తీపి తేలిపోతుంది.

దోసె మీద నెయ్యి వేసి రెండు చుక్కల మార్మైట్ రాస్తే చాలా బావుంటుంది, మీద కాస్త చీజ్ తురిమితే పిల్లలు వదలరు. ఇడ్లీకి మాత్రం కుదరలేదు, మూడుసార్లు ప్రయత్నించాను. శ్రీలంకలో మార్మైట్‌ని వేడినీళ్ళలో కలిపి నిమ్మకాయ పిండి తాగుతారు. జలుబు చేసినప్పుడు అలా మిరియాలపొడి వేసుకుని తాగడం మా ఇంట్లో అలవాటైంది.

ఎవరు ఏది కొనాలి

కిండర్‌కీ బడికీ వెళ్ళే పిల్లలున్న ఆస్ట్రేలియా ఇంటికి వెజిమైట్, అదీ ఉప్పు తగ్గించిన చిన్న సీసా. పిల్లవాడు అక్కడ తిన్న రుచే ఇంట్లో అడుగుతాడు, వేరే సీసా తెస్తే ముట్టడు. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే.

ఎప్పుడూ తినని, తినాలనుకునే పెద్దవాళ్ళు, ముఖ్యంగా తీపి కలిసిన పులుసులు ఇష్టపడేవాళ్ళు న్యూజిలాండ్ మార్మైట్‌తో మొదలుపెట్టండి. అది నచ్చాక మిగతావాటికి వెళ్ళొచ్చు. నేరుగా బ్రిటిష్ మార్మైట్‌కి వెళ్ళి బెదిరిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

పూర్తి శాకాహారుల ఇంట్లో ఒక్క సీసాకే చోటుంటే బ్రిటిష్ మార్మైట్ కొనండి. రొట్టెకీ కూరకీ పనికొస్తుంది, బి12 ఉంటుంది. హైదరాబాదులో కూడా విదేశీ సరుకులమ్మే దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దిగుమతి సరుకు కాబట్టి ఖరీదెక్కువ, తేదీ చూసి కొనండి. పెద్ద సీసాకి ఆశపడకండి. నచ్చుతుందో లేదో తెలియనప్పుడు చిన్నదే మేలు.

ఈ సరుకు ఎప్పుడూ ఉంటుందనే భరోసా కూడా లేదు. 2020లో కరోనాకి బ్రిటన్‌లో పబ్బులు మూతపడి, బీరు తయారీ తగ్గి, ఈస్ట్ కొరతయింది. మార్మైట్ వాళ్ళు 250 గ్రాముల సీసా తప్ప మిగతా సైజులన్నీ కొన్నాళ్ళు ఆపేశారు. బీరు తాగేవాళ్ళు లేకపోతే మన రొట్టెమీదికి ఇది రాదు.

మూడు సీసాలూ సరిగ్గా, వెన్నతో, పల్చగా, వేర్వేరు రోజుల్లో రుచి చూశాక కూడా నచ్చకపోతే ఇక వదిలేయండి. కాకరకాయ నచ్చనివాళ్ళు లేరా? ఇంట్లో తినేవాళ్ళని తిననివ్వండి చాలు.

అమ్మ తిరుగుప్రయాణంలో పెట్టెలో వెజిమైట్ పెడతానంటే వద్దంది. ఆ పల్చగా సాగే సీసానే ఇమ్మంది, బ్రిటిష్ మార్మైట్. తెనాలిలో రొట్టె కాల్చే అలవాటు లేదు కదా అన్నాను. మొన్న వీడియో కాల్లో వేడన్నంలో నెయ్యి వేసుకుని, చెంచా కొసతో చుక్క తీసి కలుపుకుంటూ కనిపించింది. పక్కన ఉన్న పిన్నికి కూడా పెట్టబోతే పిన్ని వాసన చూసి కంచం పక్కకి జరుపుకుంది. "కొంచెమే వేస్తానే, చీమ నడిచినట్టు" అంటోంది అమ్మ.